ఫ్లేవిన్‌కు ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఇవ్వడం ఎలా? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే. ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక పసుపుపచ్చని అణువు గురించి, దానికి ఒక ఎలక్ట్రాన్ అందితే ఏమవుతుందనే దాని గురించి. ఒకటంటే ఒకటే. రెండు అందితే ఏమవుతుందో చాలా పుస్తకాల్లో ఉంది, మీలో చాలామంది చదివే ఉంటారు. ఒక్కటి ఇచ్చి, అక్కడ ఆపి, ఆ సగం దారిలో ఉన్న అణువును చూడటమే కష్టం. నీటిలోకి రేడియేషన్ పంపి ఆ పని ఎంత శుభ్రంగా చేయొచ్చో చెప్పాలని వచ్చాను.

ముందు అణువు సంగతి. రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బీ2, ఫ్లేవిన్లు అనే కుటుంబంలోది. మూడు వలయాలు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి, దానికి ఒక చక్కెర తోక. ఆ మూడు వలయాల ముక్కను ఐసోఅల్లాక్సజీన్ అంటారు, కథంతా అక్కడే నడుస్తుంది. 445, 450 నానోమీటర్ల దగ్గర నీలి కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది, పైగా ఆకుపచ్చగా మెరుస్తుంది కూడా. మన కణాల్లో ఇది ఎఫ్ఎంఎన్, ఎఫ్ఏడీ అనే రెండు రూపాల్లో ఎంజైముల లోపల కూర్చుని ఉంటుంది. తోక మారుతుంది, తల మాత్రం అదే.

ఈ తలకు మూడు స్థితులు. ఎలక్ట్రాన్లేమీ తీసుకోని పసుపు స్థితి, రెండు తీసుకున్న దాదాపు రంగులేని స్థితి, మధ్యలో ఒక్కటే తీసుకున్న స్థితి. ఆ మధ్య స్థితిని సెమీక్వినోన్ అంటారు. జతలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది కాబట్టి అది రాడికల్. మరి దాని గురించి ఇంత పట్టింపు ఎందుకు? కణంలో ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీహెచ్ అనే అణువు ఎప్పుడూ రెండేసి ఎలక్ట్రాన్లనే ఒకేసారి ఇస్తుంది. అవతల వైపున ఉన్న ఇనుము-గంధకం గుత్తులు, హీమ్‌లు ఒక్కొక్కటిగానే పుచ్చుకుంటాయి. ఈ రెండు పక్షాల మధ్య నోటు తీసుకుని చిల్లర ఇచ్చే మనిషి లాగా ఫ్లేవిన్ నిలబడుతుంది. చిల్లర ఇవ్వాలంటే సగం దారిలో ఒక్క క్షణమైనా ఆగాలి కదా? ఆ ఆగే చోటే రాడికల్. మైటోకాండ్రియాలోని మొదటి కాంప్లెక్స్‌లో ఎఫ్ఎంఎన్ చేసేది సరిగ్గా ఇదే పని.

మరైతే ఒక పరీక్షనాళికలో ఫ్లేవిన్ తీసుకుని, డైథయోనైట్ లాంటి క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం, కాస్త తక్కువ కలిపి, సగంలో ఆపేస్తే సరిపోదా? అడగాల్సిన ప్రశ్నే ఇది. సరిపోదండీ. నీటిలో స్వేచ్ఛగా తిరిగే ఫ్లేవిన్ రాడికల్స్ రెండు ఎదురుపడితే, ఒకటి తన ఎలక్ట్రాన్‌ను రెండోదానికి ఇచ్చేస్తుంది. ఇచ్చింది పసుపుకి తిరిగి వెళ్తుంది, పుచ్చుకున్నది పూర్తిగా క్షయకరణం చెందుతుంది. అందుకే మీరు సగం ఎలక్ట్రాన్లు పోస్తే మీకు దొరికేది సగం ఇది, సగం అది. మధ్యది పీహెచ్ 7 దగ్గర ఒకటి రెండు శాతం మిగిలితే ఎక్కువ. ఆ కాస్తా రెండు బలమైన వర్ణపటాల కింద మునిగిపోతుంది. నెమ్మదిగా చేసే ఏ పద్ధతికైనా ఇదే గతి. అంటే ఏం కావాలి? రాడికల్స్ ఒకదాన్నొకటి వెతుక్కునే లోపు, అన్నీ ఒకేసారి, ఒక్క దెబ్బకు పుట్టాలి.

ఇక్కడికి రేడియేషన్ వస్తుంది. రేడియేషన్ అనగానే ఆ కిరణం వెళ్లి ఫ్లేవిన్‌ను నేరుగా కొడుతుందని చాలామంది అనుకుంటారు. ఒక లెక్క వేద్దాం. మనం వాడే ద్రావణంలో లీటరుకు 100 మైక్రోమోల్ రైబోఫ్లేవిన్ ఉందనుకోండి. లీటరు నీటిలో నీరు సుమారు 55 మోల్‌లు. అంటే ఒక్కో ఫ్లేవిన్ అణువుకు ఐదున్నర లక్షల నీటి అణువులు! బరువు ప్రకారం చూసినా లీటరులో ఫ్లేవిన్ 38 మిల్లీగ్రాములు, నీరు కిలో. వచ్చిన శక్తిలో ఫ్లేవిన్ వాటాకు నేరుగా పడేది 0.004 శాతం. మిగతాదంతా నీటికే. కాబట్టి ఇది మొదట నీటి రసాయనశాస్త్రం, ఆ తర్వాతే ఫ్లేవిన్‌ది. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే మిగతా ప్రసంగమంతా దాని వెంటే వస్తుంది.

నీటిలోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. మిగిలిన పాజిటివ్ అయాన్ పక్కనున్న నీటి అణువుకు ప్రోటాన్ ఇచ్చేసి హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది, ఇది పికోసెకనులో పదో వంతు కూడా పట్టని పని. ఊడిన ఎలక్ట్రాన్ వేగం తగ్గి, చుట్టూ నీటి అణువులు మూగి, పికోసెకను అటూ ఇటుగా హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్‌గా కుదురుకుంటుంది. నీటిలో ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటుంది. దానికి సొంత రంగు కూడా ఉంది. 720 నానోమీటర్ల దగ్గర బలంగా పీల్చుకుంటుంది. 1962లో హార్ట్, బోగ్ అనే ఇద్దరు ఆ వర్ణపటాన్ని పట్టుకుని చూపించారు. అప్పటిదాకా ఊహగా ఉన్న ఒక కణం కొలవగలిగే వస్తువుగా మారిన సందర్భం అది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

ఈ పుట్టినవన్నీ మొదట చిన్న చిన్న గుంపుల్లో దగ్గరదగ్గరగా ఉంటాయి. కొన్ని అక్కడికక్కడే కలిసిపోయి హైడ్రోజన్ వాయువు, హైడ్రోజన్ పెరాక్సైడ్, తిరిగి నీరు అవుతాయి. తప్పించుకుని బయటికి వచ్చినవే మనకు పనికొచ్చేవి. మైక్రోసెకను నాటికి నీరు పీల్చుకున్న ప్రతి జూల్ శక్తికి సుమారు 0.28 మైక్రోమోల్ హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు, దాదాపు అంతే హైడ్రాక్సిల్ రాడికల్స్, 0.06 హైడ్రోజన్ పరమాణువులు దొరుకుతాయి. ఈ అంకెలు రాసుకోండి, మళ్లీ వాడతాను.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూశారా? ఎలక్ట్రాన్ మహా క్షయకరణి, దాని పొటెన్షియల్ (ఎంత కిందికి ఉంటే అంత గట్టిగా ఎలక్ట్రాన్ ఇస్తుంది) మైనస్ 2.9 వోల్టులు. హైడ్రాక్సిల్ రాడికల్ మహా ఆక్సీకరణి. రెండూ సమానంగా, ఒకే నీటిలో, ఒకేసారి. ఒకటి ఫ్లేవిన్‌కు ఎలక్ట్రాన్ ఇస్తుంటే ఇంకొకటి అదే ఫ్లేవిన్ వలయానికి ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది. ఇలా వదిలేస్తే మనకు దొరికేది గందరగోళం. అయితే, ఈ రెండిటినీ ఒకే రకం రాడికల్‌గా మార్చేయగలిగితే?

మార్చొచ్చు. నీటిని నైట్రస్ ఆక్సైడ్ వాయువుతో నింపుతాం, అందులో సోడియం ఫార్మేట్ కలుపుతాం. నైట్రస్ ఆక్సైడ్ హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్‌ను పట్టుకుని నైట్రోజన్‌గా వెళ్లిపోతూ, దాని స్థానంలో ఇంకో హైడ్రాక్సిల్ రాడికల్‌ను వదులుతుంది. ఇప్పుడు నీటిలో ఉన్నవి దాదాపు అన్నీ హైడ్రాక్సిల్ రాడికల్సే. అవి ఫార్మేట్ నుంచి హైడ్రోజన్ లాక్కుంటాయి, మిగిలేది కార్బన్ డయాక్సైడ్ రాడికల్ యానయాన్. హైడ్రోజన్ పరమాణువులు కూడా అదే చేస్తాయి. మూడు దారులు ఒక్క చోట కలిశాయి. ఈ రాడికల్ మైనస్ 1.9 వోల్టుల క్షయకరణి. అది చేసేది ఒక్కటే: ఎలక్ట్రాన్ ఇచ్చేసి కార్బన్ డయాక్సైడ్‌గా పక్కకు తప్పుకోవడం.

మరి ఎలక్ట్రాన్ నైట్రస్ ఆక్సైడ్‌నే వెతుక్కుంటుందని, ఫ్లేవిన్ దగ్గరికి ముందే పోదని గ్యారంటీ ఏమిటి? గ్యారంటీ లెక్కలో ఉంది. ఎలక్ట్రాన్‌కు ఫ్లేవిన్‌తో రేటు స్థిరాంకం, అంటే చర్య ఎంత వేగమో చెప్పే అంకె, మోలార్‌కు సెకనుకు సుమారు రెండు వేల కోట్లు, నైట్రస్ ఆక్సైడ్‌తో తొమ్మిది వందల కోట్లు. విడిగా చూస్తే ఫ్లేవినే ముందు. కానీ సంతృప్త ద్రావణంలో నైట్రస్ ఆక్సైడ్ 25 మిల్లీమోలార్ ఉంటుంది, మన ఫ్లేవిన్ 0.1 మిల్లీమోలారే. గుణించండి. ఒకవైపు సెకనుకు ఇరవై రెండు కోట్లు, ఇంకోవైపు ఇరవై లక్షలు. నూట పది రెట్ల తేడా! ఎలక్ట్రాన్లలో నూటికి ఒకటి కూడా నేరుగా ఫ్లేవిన్‌కు చేరదు. హైడ్రాక్సిల్‌కు కూడా ఇలాగే. 0.1 మోలార్ ఫార్మేట్ ఉంటే ఫార్మేట్ వైపు సెకనుకు ముప్పై రెండు కోట్లు, ఫ్లేవిన్ వైపు పది లక్షల స్థాయి. ఈ రంగంలో ప్రయోగం రూపకల్పన అంటే సగం ఈ గుణకారాలే. ఇది చేయకుండా ద్రావణం కలిపితే ఏం కొలుస్తున్నామో మనకే తెలియదు.

ఆక్సీకరణ కావాలంటే ఫార్మేట్ బదులు అజైడ్ వేస్తాం, అప్పుడు అజైడ్ రాడికల్ వస్తుంది, 1.33 వోల్టులు. ఎలక్ట్రానే నేరుగా కావాలంటే నైట్రస్ ఆక్సైడ్ తీసేసి, టెర్ట్-బ్యూటనాల్ వేసి హైడ్రాక్సిల్‌ను పక్కకు తప్పిస్తాం. ఒకే నీరు, ఒకే కిరణం, పైన కలిపేదాన్ని బట్టి వేరు వేరు రసాయనం. ఇంత స్వేచ్ఛ ఇంకే పద్ధతిలోనూ నేను చూడలేదు. కాంతితో ఫ్లేవిన్‌ను ఉత్తేజపరిచీ రాడికల్ చేయొచ్చు, చేస్తారు కూడా, కానీ అక్కడ ఫ్లేవినే కాంతిని పీల్చాలి, ట్రిప్లెట్ అనే ఉత్తేజిత స్థితి గుండా వెళ్లాలి, ఎలక్ట్రాన్ ఇచ్చిన దాత రాడికల్ కూడా పక్కనే తిరుగుతుంటుంది. మనకు కావలసిన రాడికల్‌ను అన్నిటి మధ్య నుంచి విడదీసి చూడటం అక్కడ పెద్ద పని.

ఇక ఒక్క దెబ్బకు అన్నాను కదా, దాని సంగతి. యాక్సిలరేటర్ నుంచి మైక్రోసెకను లేదా అంతకన్నా తక్కువ నిడివి ఉన్న ఎలక్ట్రాన్ల పల్స్‌ను ద్రావణంలోకి పంపుతాం, అడ్డంగా వెళ్లే కాంతి ఎంత తగ్గిందో కాలంతో పాటు చూస్తాం. పల్స్ రేడియోలిసిస్ అంటే ఇంతే. 1960 ప్రాంతంలో ఒకటి కన్నా ఎక్కువ చోట్ల విడివిడిగా మొదలైంది. పల్స్‌లో 10 గ్రే మోతాదు పడిందనుకోండి. ఒక గ్రే అంటే కిలోకు ఒక జూల్. పైన రాసుకున్న మూడు అంకెలు కూడండి, 0.62. పదితో గుణిస్తే సుమారు 6 మైక్రోమోలార్ రాడికల్స్. ఫ్లేవిన్ 100 మైక్రోమోలార్. అంటే ప్రతి రాడికల్‌కు కావలసినంత ఫ్లేవిన్ ఉంది, ఏ ఒక్క ఫ్లేవిన్‌కూ రెండు ఎలక్ట్రాన్లు అందే ప్రమాదం ఆ మొదటి క్షణాల్లో దాదాపు లేదు. కార్బన్ డయాక్సైడ్ రాడికల్ ఫ్లేవిన్‌ను అందుకోవడానికి రెండు మూడు మైక్రోసెకన్లు పడుతుంది. అంతే, పది పదిహేను మైక్రోసెకన్లకల్లా మన ముందు ఆరు మైక్రోమోలార్ సెమీక్వినోన్ ఉంటుంది, దానిలో పూర్తి క్షయకరణం చెందినది ఇంకా పెద్దగా కలవలేదు. పరీక్షనాళికలో రోజంతా కూర్చున్నా దొరకనిది ఇది.

అప్పుడు ఏం కనిపిస్తుంది? తటస్థంగా ఉన్న సెమీక్వినోన్ 500 నుంచి 600 నానోమీటర్లు దాటే వరకు వెడల్పుగా పీల్చుకుంటుంది, అంటే నీలం. ప్రోటాన్ పోగొట్టుకుంటే ఆ పొడవైన తరంగాల దగ్గర శోషణ పడిపోయి, 480 వైపు, ఇంకా 370 దగ్గర పెరుగుతుంది, అంటే ఎరుపు. నీలం, ఎరుపు అనే ఈ రెండు రకాలను ఎంజైముల్లో మేసీ, పామర్ 1960ల్లోనే విడదీసి చూపారు. నీటిలో స్వేచ్ఛగా ఉన్న రైబోఫ్లేవిన్ మీద పల్స్ రేడియోలిసిస్‌తో ల్యాండ్, స్వాలో 1969లో చేసిన పని చాలా ముఖ్యం. పీహెచ్ మారుస్తూ ప్రతిసారీ అప్పుడే పుట్టిన రాడికల్ వర్ణపటం తీస్తే, ప్రోటాన్ ఎక్కడ వస్తోందో, ఎక్కడ పోతోందో తెలుస్తుంది. రెండు పీకేఏలు, అంటే సగం అణువుల మీద ప్రోటాన్ ఉండే పీహెచ్‌లు, వచ్చాయి, ఒకటి 2.3, ఇంకొకటి 8.3. అంటే పీహెచ్ 7 దగ్గర మనకు ప్రధానంగా ఉండేది తటస్థమైన నీలి రాడికల్. ఒక్క ఆలోచన చేయండి. మిల్లీసెకను కూడా బతకని ఒక జీవి ఆమ్ల స్థిరాంకాన్ని కొలిచారు!

అవును, అది ఎలా చస్తుంది? ముందే చెప్పాను, రెండు ఎదురుపడితే. రేటు మోలార్‌కు సెకనుకు వంద కోట్ల స్థాయి. మన ఆరు మైక్రోమోలార్‌కు అర్ధజీవితం సుమారు 170 మైక్రోసెకన్లు. ఇది నిజంగా రెండు రాడికల్స్ మధ్య జరుగుతోందని ఎలా తెలుసు? మోతాదు రెట్టింపు చేయండి, అర్ధజీవితం సగమవ్వాలి. సగమవ్వకపోతే అక్కడ ఇంకేదో చర్య దూరిందని అర్థం, చాలాసార్లు పూర్తిగా పోని ఆక్సిజన్. విద్యార్థులున్నారు కాబట్టి చెబుతున్నాను, ఈ పరీక్ష చేయకుండా ఏ క్షయ వక్రాన్నీ నమ్మకండి.

ఈ 170 మైక్రోసెకన్లలో ఇంకో గొప్ప పని చేయొచ్చు. పొటెన్షియల్ కొలవొచ్చు. ఎలక్ట్రోడ్ పెట్టి కొలవడానికి రాడికల్ నిలబడదు కదా, మరెలా? పొటెన్షియల్ తెలిసిన ఇంకో అణువును కలుపుతాం. బెంజైల్ వయొలోజెన్ తీసుకుందాం, సుమారు మైనస్ 0.37. పల్స్ తర్వాత ఎలక్ట్రాన్లు ఈ రెండిటి మధ్య అటూ ఇటూ సర్దుకుంటాయి. రాడికల్స్ చచ్చే లోపు ఆ సర్దుబాటు పూర్తయితే, ఎవరి దగ్గర ఎంత ఉందో వర్ణపటంలో చదివి, ఆ నిష్పత్తి నుంచి పొటెన్షియల్ చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణంలో వేస్తాం. ఫ్లేవిన్ మైనస్ 0.31 దగ్గర ఉంది కాబట్టి 60 మిల్లీవోల్టుల తేడా, అంటే పదింతలు. వయొలోజెన్ పది రెట్లు ఎక్కువ పోస్తే ఇద్దరి దగ్గరా దాదాపు సమానంగా ఎలక్ట్రాన్లు ఉంటాయి, కొలత బాగా కుదురుతుంది.

వచ్చిన అంకెలు చూడండి. పీహెచ్ 7 దగ్గర మొదటి ఎలక్ట్రాన్‌కు మైనస్ 0.31 వోల్టులు, రెండోదానికి మైనస్ 0.12. మొదటిది ఎక్కించడం కష్టం, రెండోది సులువు. రాడికల్ ఎందుకు నిలవదో ఈ రెండు అంకెల్లోనే ఉంది. సగం దారిలో ఉన్నవాడికి ముందుకు పోవడమే తేలిక. ఆ తేడాను లెక్కలోకి మారిస్తే ఇందాక చెప్పిన ఒకటి రెండు శాతం సరిగ్గా బయటికి వస్తుంది. రెండు వేరు వేరు దారుల్లో వెళ్లి ఒకే అంకె దగ్గరికి చేరడం, చూడండి, దాని మీద నమ్మకం అలా కుదురుతుంది.

ఫ్లేవిన్ లాంటివి అన్నీ ఇలాగే ఉంటాయా? ఉండవు. మధ్య వలయంలో 5వ స్థానంలో ఉన్న నైట్రోజన్ తీసి కార్బన్ పెడితే అది డీఅజాఫ్లేవిన్. చూడటానికి అన్నదమ్ములే. కానీ రాడికల్ దగ్గరికి వచ్చేసరికి పోలిక తప్పుతుంది. ఆ రాడికల్ ఇంకా చాలా బలమైన క్షయకరణి, ఇంకా అస్థిరం. జతలేని ఎలక్ట్రాన్‌ను, ఆ ప్రోటాన్‌ను సర్దిపెట్టేది 5వ స్థానంలోని నైట్రోజనే అని దీన్నిబట్టి తెలుస్తుంది. మీథేన్ చేసే సూక్ష్మజీవుల్లో ఎఫ్420 అనే డీఅజాఫ్లేవిన్ ఉంది. అది ఒక్కొక్కటిగా ఇవ్వడం మానేసి ఎన్ఏడీహెచ్ లాగా రెండేసి ఎలక్ట్రాన్లనే మోస్తుంది. ఒక్క పరమాణువు మారితే ఉద్యోగమే మారింది.

ఆక్సిజన్ గురించి కూడా రెండు మాటలు. ఎర్ర రాడికల్, అంటే ప్రోటాన్ లేనిది, ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చేసి సూపరాక్సైడ్ చేస్తుంది, మోలార్‌కు సెకనుకు పది కోట్ల స్థాయి వేగంతో. నీలి రాడికల్ దానితో పోలిస్తే దాదాపు కదలదు. ఒక్క ప్రోటాన్ ఉండటం, లేకపోవడం! అందుకే ఎంజైము ఏ రాడికల్‌ను ఏ రంగులో ఉంచుకుంటుందనేది చాలా పెద్ద విషయం, అక్కడ సూపరాక్సైడ్ తయారవుతుందా లేదా అన్నది కొంతవరకు దాని మీదే ఆధారపడుతుంది.

ప్రోటీన్ ఏం చేస్తుందో ఫ్లేవోడాక్సిన్‌లో బాగా కనిపిస్తుంది. అందులో ప్రోటీన్ గొలుసు 5వ నైట్రోజన్ మీది హైడ్రోజన్‌ను పట్టుకుని నీలి రాడికల్‌ను నిలబెడుతుంది. ఫలితంగా వరుస తిరగబడుతుంది. మొదటి ఎలక్ట్రాన్ సులువు, రెండోది కష్టం, రెండోదాని పొటెన్షియల్ మైనస్ 0.4 అంతకన్నా కిందికి దిగుతుంది. నీటిలో మిల్లీసెకను నిలవనిది అక్కడ సీసాలో పోసి చూపించేంత స్థిరంగా ఉంటుంది. అయితే ప్రోటీన్ల మీద పల్స్ ప్రయోగం చేసేటప్పుడు జాగ్రత్త, ఎలక్ట్రాన్ ముందు ప్రోటీన్‌లో రెండు గంధకాల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధం మీద వాలొచ్చు, 410, 420 నానోమీటర్ల దగ్గర కొత్త శోషణ కనిపిస్తే అదే. అక్కడి నుంచి ఫ్లేవిన్‌కు చేరుతోందా లేదా అన్నది విడిగా చూసుకోవాలి.

అక్కడ మూడో వరుసలో ఒక ప్రశ్న ఉంది. యాక్సిలరేటర్ లేనివాళ్లు ఏం చేయాలి, కోబాల్ట్-60 గామా సరిపోతుందా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. గామాలో రాడికల్స్ నెమ్మదిగా పుడతాయి, పుట్టినవి పుట్టినట్టే ఒకదానితో ఒకటి తీర్చుకుంటాయి, కాబట్టి మీకు సెమీక్వినోన్ కనిపించదు. కానీ చివరి లెక్క బాగా కనిపిస్తుంది. రెండు రాడికల్స్‌కు ఒక క్షయకరణం చెందిన ఫ్లేవిన్, అంటే జూల్‌కు 0.31 మైక్రోమోల్. 100 మైక్రోమోలార్ ద్రావణం పసుపు పోవడానికి మూడు వందల గ్రే పైచిలుకు పట్టాలి. మోతాదుకు ఎదురుగా 450 దగ్గర శోషణ గీయండి, మొదట్లో సరళరేఖ రావాలి. తర్వాత మూత తీసి గాలి తగలనివ్వండి. పసుపు మొత్తం తిరిగి వస్తే మీరు చేసింది శుభ్రమైన క్షయకరణం. కొంత తిరిగి రాకపోతే, ఆ లోటు ఎంతో అంత ఫ్లేవిన్ వలయం దెబ్బతింది, హైడ్రాక్సిల్ ఎక్కడో తప్పించుకుంది. అప్పుడు ఫార్మేట్ పెంచి మళ్లీ చేయండి.